వాసన ఆగిపోయిందంటే గ్యాస్ పోయినట్టు కాదు: సెప్టిక్ ట్యాంకు మూత తీసే ముందు, తీసినాక ఏం చెయ్యాలి

మాది తిరుపతిలో మిద్దె ఇల్లు. కింద మేముంటాం, పైన రెండు పోర్షన్లు బాడుగకి ఇచ్చినాం, అందరికీ కలిపి ఇంటి వెనకాల ఒకటే సెప్టిక్ ట్యాంకు. 2023 నవంబర్‌లో వానలకి అది నిండిపోయి బాత్రూముల్లోకి వెనక్కి తన్నింది, గోడ మీద రాసున్న నంబర్‌కి ఫోన్ చేస్తే సక్షన్ బండి వచ్చింది. మూత తీయగానే కుళ్ళిన కోడిగుడ్డు గబ్బు, కడుపులో దేవినంత పనైంది, చొక్కా అంచుతో ముక్కు మూసుకుని అక్కడే నిలబడ్డా. రెండు మూడు నిమిషాలకి గబ్బు తగ్గింది, తగ్గడం కూడా కాదు, అసలు లేనే లేదు. సరేలే గాలంతా పోయినట్టుంది, లోపల ఎంత మడ్డి ఉందో చూద్దామని మోకాళ్ళ మీద కూర్చుని తల లోపలికి వంచినా. అంతే, బండి డ్రైవరన్న వెనకనించి కాలర్ పట్టుకుని ఒక్క లాగు లాగినాడు. "ఏం సార్, వాసన రావడం లేదా? రాకపోతేనే భయపడాల సార్" అన్నాడు.

అప్పటికే కళ్ళు మండుతున్నాయి, లేచి నిలబడితే తల తిరిగింది, తలనొప్పి సాయంత్రం దాకా వదల్లేదు. ఆ అన్న చేతికి ఉన్న వెండి కడియం బొగ్గులాగా నల్లగా ఉంది, పాలిష్ పెట్టినా మళ్ళీ వారానికే నల్లబడతాదంట, ఆ గ్యాస్ వెండితో కలిసి పైన నల్లటి పొర కడుతుంది కాబట్టి. డిగ్రీ చదివిన నాకు తెలియని సంగతి ఆయనకి కడియం చెప్పింది. ఆ రోజు నించి నేను తెలుసుకున్నవి, చేస్తున్నవి ఇక్కడ వరసగా రాస్తున్నా. ట్యాంకు ఒక్కటే కాదు, పల్లెల్లో పాడుబడ్డ బావులు, గోబర్ గ్యాస్ గుంతలు, సంపులు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వేస్టు నీళ్ళ తొట్లు, వీటన్నిటికీ చాలా వరకు ఇదే వర్తిస్తుంది.

ముందు ఈ గ్యాస్ ఏందో తెలుసుకోండి

దీని పేరు హైడ్రోజన్ సల్ఫైడ్. గాలి ఆడని చోట మలం, కుళ్ళిన తిండి, ఆకులు, పేడ లాంటివి ఊరుతుంటే అక్కడ ఆక్సిజన్ అవసరం లేకుండా బతికే బ్యాక్టీరియా నీళ్ళలో ఉండే సల్ఫేట్‌ని తిని దీన్ని వదులుతాయి. రంగుండదు. గాలి కన్నా కొంచెం బరువు, సుమారు 1.2 రెట్లు, అందుకే గుంతల్లో, అడుగున నిలబడిపోతుంది, మూత తీసినంత మాత్రాన పొగలాగా లేచి పైకి పోదు. ఇంకో సంగతి, ఇది మడ్డిలో కరిగి దాక్కుని ఉంటుంది. సోడా సీసా కదలకుండా ఉన్నంతసేపు ఏమీ కనపడదు, ఊపి మూత తీస్తే బుస్సుమంటుంది చూడండి, అట్లాగే ట్యాంకులో మడ్డిని కర్రతో కెలికినా, మనిషి దిగి కాలు పెట్టినా ఒక్కసారిగా పైకొస్తుంది. "పొద్దున్నించి మూత తీసే పెట్టినాం కదన్నా" అనేవాళ్ళు పడిపోయేది ఇక్కడే.

ట్యాంకులో ఇదొక్కటే ఉండదు. మీథేన్ ఉంటుంది, అది గాలి కన్నా తేలిక, దానికి వాసన లేదు, నిప్పు తగిలితే పేలుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, కొంచెం అమ్మోనియా కూడా. ఇవన్నీ కలిసి ఆక్సిజన్‌కి చోటు లేకుండా చేస్తాయి. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం, 19.5 కన్నా తగ్గితే ఆ చోటికి మనిషి దిగకూడదని లెక్క, 10 శాతం కన్నా కిందికి పోతే స్పృహ తప్పుతుంది, 6 శాతం దగ్గర నిమిషాల్లో ప్రాణం పోతుంది.

ఒంట్లో ఏం చేస్తుంది

ఇది కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతా జాగ్రత్తలు ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

పీల్చిన గ్యాస్ ఊపిరితిత్తుల్లోంచి నేరుగా రక్తంలో కలుస్తుంది, అక్కడ నించి క్షణాల్లో మెదడు, గుండె అన్నిటికీ పోతుంది. మన ఒంట్లో ప్రతి కణంలో మైటోకాండ్రియా అని ఉంటాయి, తిన్న తిండిని ఆక్సిజన్‌తో మండించి శక్తి తీసేది అవే. అందులో చివరి మెట్టు దగ్గర సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ పోయి దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. వంటింట్లో సిలిండర్ నిండుగా ఉంది, పైపు బాగుంది, కానీ బర్నర్ రంధ్రాలు మూసుకుపోయినాయి అనుకోండి, స్టవ్ వెలుగుతుందా? అదే కథ. రక్తంలో ఆక్సిజన్ ఉంటుంది, కణానికి అందుతుంది కూడా, కానీ కణం దాన్ని వాడుకోలేదు. సైనైడ్ చంపేది కూడా ఇదే దారిలో. అందుకే వేలికి ఆక్సీమీటర్ పెట్టి "98 ఉంది, బాగానే ఉన్నాడు" అని తేల్చేయబాకండి, అది రక్తంలో ఎంత ఉందో చెప్తుంది కానీ కణం వాడుకుంటుందో లేదో చెప్పదు.

అన్ని విషవాయువులూ ఒకే పని చెయ్యవు, ఇక్కడ చాలామంది కలిపేస్తుంటారు. జెనరేటర్ పొగ, బొగ్గుల కుంపటి, గాలి ఆడని బాత్రూములో పెట్టిన గ్యాస్ గీజర్, వీటినించి వచ్చేది కార్బన్ మోనాక్సైడ్, అది రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుని ఆక్సిజన్‌కి సీటు లేకుండా చేస్తుంది, దానికి వాసనే లేదు. ట్యాంకు గ్యాస్ అట్లా కాదు, సీటు ఇస్తుంది, దిగేచోట తలుపు తీయదు. ఎక్కువ శక్తి కావాల్సింది మెదడుకి కాబట్టి దెబ్బ ముందు అక్కడే తగులుతుంది, ఊపిరి తియ్యమని చెప్పే భాగం ఆగిపోతే మనిషి గుండె కొట్టుకుంటూ ఉండగానే ఊపిరి నిలిచిపోతుంది. ఆ కొన్ని నిమిషాలే మన చేతిలో ఉండేవి.

చిత్రమేమంటే కొంచెం కొంచెం హైడ్రోజన్ సల్ఫైడ్ మన పేగుల్లో రోజూ తయారవుతూనే ఉంటుంది, ఒళ్ళు దాన్ని ఎప్పటికప్పుడు మార్చి మూత్రంలో పంపించేస్తుంది. చిన్న మోతాదు సంగతి ఒళ్ళే చూసుకుంటుంది, ఆ లెక్క దాటి ఒక్కసారిగా మీద పడ్డప్పుడే ఆ ఏర్పాటు చాలదు.

ఇప్పుడు లెక్కలు. గాలిలో పది లక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళు ఈ గ్యాస్ ఉందో చెప్పేది పీపీఎం. ఒక పీపీఎం కూడా లేకముందే ముక్కుకి తెలిసిపోతుంది, అంత గబ్బు. 2 నించి 5 మధ్య ఎక్కువసేపు ఉంటే కడుపులో తిప్పడం, కళ్ళనీళ్ళు, తలనొప్పి. 20 దగ్గర నీరసం, తల తిరగడం. 50 నించి 100 మధ్య గంటసేపు ఉంటే కళ్ళు ఎర్రబడి ఇసక పోసినట్టు గరగర, గొంతు మంట, దగ్గు. 100 దగ్గరికి వచ్చేసరికి అసలు మోసం మొదలవుతుంది, రెండు నించి పదిహేను నిమిషాల్లో ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. గ్యాస్ పెరుగుతుంటే వాసన తగ్గిపోతుంది! ఇంకా ఎక్కువుంటే ముక్కు అంతకన్నా తొందరగా చచ్చుబడుతుంది. 500 నించి 700 దగ్గర తూలి, అయిదు నిమిషాల్లో కుప్పకూలి, అరగంట నించి గంటలో ప్రాణం పోవచ్చు. 700 దాటితే ఒకటి రెండు ఊపిర్లకే మనిషి కరెంటు తీసేసిన ఫ్యాన్‌లాగా ఆగిపోతాడు, "అమ్మా" అనే టైం కూడా ఉండదు. వెయ్యి దాటితే అక్కడికక్కడే.

నేను మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు నా ముక్కుకి వాసన తెలియలేదు అంటే నేను ఏ లైను దగ్గర ఉన్నానో పై లెక్క చూసి మీరే చెప్పండి.

మూత తీసే ముందు చేయాల్సినవి

మొదటి పని, మనిషిని దింపే ఆలోచన మానుకోవడం. బకెట్, తాడు పెట్టుకుని వచ్చే వాళ్ళు ఇంకా ఉన్నారు, "రెండు వేలిస్తే చాలన్నా, బండికి అంతవుతాది" అంటారు, సందులో బండి రాదని మనమే వాళ్ళని వెతుక్కుంటాం కూడా. వద్దు. బండి సందులోకి రాకపోయినా పైపు వస్తుంది, పొడుగు పైపులున్న బండి కావాలని ఫోన్‌లోనే అడగండి, మా వీధిలో మూడిళ్ళ అవతల బండి పెట్టి మిద్దె పక్కగా పైపు వేసినారు. 2013లో వచ్చిన మాన్యువల్ స్కావెంజింగ్ (మనిషి చేత మలం ఎత్తించడం) నిషేధ చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకో డ్రైనేజీలోకో దింపడం నేరం, మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదంటే రెండూ. ఇది కాంట్రాక్టర్‌కే కాదు, పిలిపించిన ఇంటి ఓనర్‌కి కూడా తగులుతుంది. వాడే ఒప్పుకుని దిగినాడు సార్ అంటే చెల్లదు. ట్యాంకులో చనిపోయిన వాళ్ళ కుటుంబానికి 30 లక్షలు పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, అంతకు ముందు 10 లక్షలుండేది.

రెండోది, ముందురోజు యాసిడ్ పొయ్యకండి. ఇది మా ఇంట్లో జరగబోయింది, బండోళ్ళు వస్తున్నారు కదా కొంచెం గబ్బు తగ్గుతుందని మా ఇంటావిడ బాత్రూం యాసిడ్ రెండు సీసాలు తెచ్చి పెట్టింది. మడ్డిలో ఉన్న సల్ఫైడ్ మీద యాసిడ్ పడితే హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా ఎక్కువగా లేస్తుంది, కాలేజీ ల్యాబులో ఈ గ్యాస్‌ని తయారు చేసేదే అట్లా. బ్లీచింగ్ పౌడరూ యాసిడూ రెండూ పోస్తే ఇంకో విషం, క్లోరిన్ వస్తుంది. ఏమీ పొయ్యకుండా వదిలెయ్యడమే మంచిది.

మూడోది నిప్పు. బీడీ, సిగరెట్, అగ్గిపుల్ల, అగరుబత్తి ఏదీ దగ్గర ఉండకూడదు, మీథేన్ ఉంటుంది, పైగా హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా మండేదే. లోపల చీకటిగా ఉందని అగ్గిపెట్టె గీసి చూసే మహానుభావులు ఉన్నారు, సెల్‌ఫోన్ టార్చ్ ఉంది కదయ్యా. ఆ సెల్‌ఫోన్ కూడా వంగితే చొక్కా జేబులోంచి జారి లోపల పడుతుంది, దానికోసం చెయ్యి పెట్టడం, తర్వాత తల పెట్టడం, తర్వాత మనిషే దిగడం. చొక్కా జేబు ఖాళీ చేసి రండి. లోపల పడ్డది బంగారమైనా సరే బండి పైపు లాగినాక అడుగున చూసుకోవచ్చు.

పిల్లల్ని, కుక్కల్ని లోపల పెట్టి గేటు వెయ్యండి. గాలి ఎటు నించి వీస్తుందో చూసి అటువైపు నిలబడండి, అంటే గాలి మీ వీపుకి తగిలి ట్యాంకు మీదుగా పోవాలి. ట్యాంకుకి మామూలుగా రెండు మూతలుంటాయి, రెండూ తీయిస్తే గాలి కొంచెం ఆడుతుంది. మూత తియ్యగానే దూరంగా జరగండి. మూతలు తీసిపెట్టడం పైన నిలబడ్డ వాళ్ళకి కాస్త ఊపిరాడడానికే, దిగడానికి లైసెన్స్ కాదు. ఎంత మడ్డి ఉందో చూడాలంటే పొడుగు కర్రకి పాత తువ్వాలు చుట్టి నిలబడే దింపి తియ్యండి, మడ్డి ఎంత ఎత్తుకి అంటుకుందో దాని మీదే కనపడుతుంది.

పాత పద్ధతులు పనికొస్తాయా

మా అమ్మ వాళ్ళది పాకాల దగ్గర పల్లె. అక్కడ ఎండిపోయిన బావిలో పూడిక తియ్యడానికి దిగే ముందు లాంతరు తాడుకి కట్టి దింపేవాళ్ళు, ఆరిపోతే దిగరు. వేపకొమ్మలు కట్టగట్టి బావిలో పైకీ కిందికీ ఆడించేవాళ్ళు, గాలి కదలాలని. మా తాత ఈ రెండూ చేసిగానీ ఎవర్నీ దిగనిచ్చేవాడు కాదంట. వాళ్ళకి తెలివి లేక కాదు, కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోయిన ఎండుబావికి లాంతరు కొంతవరకు పనిచేస్తుంది, ఆక్సిజన్ తక్కువైతే దీపం ఆరుతుంది కాబట్టి. కానీ హైడ్రోజన్ సల్ఫైడ్ మనిషిని చంపే మోతాదులో ఉన్నా దీపం హాయిగా వెలుగుతుంది, ఎందుకంటే అక్కడ ఆక్సిజన్ ఉంది, మన కణానికే వాడుకునే దారి మూసుకుపోయింది. ఇక సెప్టిక్ ట్యాంకులో లాంతరు దింపితే మీథేన్‌కి అగ్గి పెట్టినట్టే. కాబట్టి బావి పద్ధతి ట్యాంకుకి తేకూడదు.

బావుల దగ్గర ఇంకోటి కూడా ఉంది, నీళ్ళు అడుక్కి పోయినాయని డీజిల్ ఇంజను బావి లోపల మెట్టు మీద పెట్టి నడుపుతారు చూడండి, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ బావంతా నిండుతుంది. ఇంజను పైనే ఉండాలి, పైపు మాత్రమే లోపలికి.

కొత్త సంపులు కూడా చెప్పాలి, ఇవి ఇంకా మోసం. సంపుకి స్లాబ్ వేసి, మూత మూసేసి, రెండు మూడు వారాల తర్వాత లోపల సెంట్రింగ్ చెక్కలు ఊడదీయడానికి కూలీ దిగుతాడు. గబ్బు లేదు, మురికి లేదు, కొత్త సిమెంటు. కానీ తడి చెక్క మీద పట్టిన బూజు, బ్యాక్టీరియా లోపలి ఆక్సిజన్‌ని తినేసి ఉంటాయి, దిగినవాడు దిగినట్టే పడిపోతాడు. ఇల్లు కట్టిస్తున్న వాళ్ళు మేస్త్రీకి ఈ ముక్క తప్పకుండా చెప్పండి, సంపుకి మూత రెండువైపులా తీయించి, బ్లోయర్‌తో చాలాసేపు గాలి కొట్టించి, మీటర్‌తో ఆక్సిజన్ చూశాకే దిగాలని.

ఆ మీటర్ సంగతి: ఆక్సిజన్, మండే గ్యాస్, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్ నాలుగూ చూపించే చేతి మీటర్లు ఉన్నాయి, మున్సిపాలిటీ వాళ్ళూ ఫ్యాక్టరీలూ వాడేది అవే. తాడు కట్టి పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా చూడాలి, పైన బాగుంటే అడుగున బాగున్నట్టు కాదు. ఇంట్లో వాడుకునే మనకి అదెందుకు, మనం దిగకపోతే సరిపోతుంది.

ఎవరన్నా పడిపోతే

ఇక్కడ మీ చేతులు, కాళ్ళు రెండూ మీ మాట వినవు, ముందే చెప్తున్నా. లోపల పడ్డది మీ తమ్ముడో, మీ పనబ్బాయో అయితే దూకెయ్యాలనిపిస్తుంది. దూకబాకండి. 2017 ఫిబ్రవరిలో మన పలమనేరు దగ్గర మొరం అనే ఊళ్ళో ఒక కోళ్ళ హేచరీ ట్యాంకు దగ్గర కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు, దేశంలో ట్యాంకు చావుల వార్తలు ఏవి తీసి చూసినా దాదాపు అదే వరస, ముందు దిగినవాడు పడిపోతాడు, వాణ్ణి తియ్యడానికి ఇంకొకడు, వాడికోసం మూడోవాడు. లోపలికి దిగిన రెండోవాడికి మొదటివాడికన్నా ఎక్కువ గ్యాస్ ఉంటుంది, ఎందుకంటే మొదటివాడు పడి మడ్డిని కెలికేసి ఉన్నాడు. "ఊపిరి బిగబట్టుకుని దిగి తీసుకొచ్చేస్తా" అంటారు, 60 కిలోల మనిషిని మడ్డిలోంచి ఎత్తుతూ ఊపిరి ఎంతసేపు బిగబడతారు?

మూతికి తడిగుడ్డ కట్టుకోవడం, కోవిడ్ మాస్క్ పెట్టుకోవడం, వీటిలో దేనికీ ఈ గ్యాస్ ఆగదు. ఫైర్ సర్వీసు వాళ్ళు వీపున సిలిండర్, మొహానికి పూర్తి మాస్క్ వేసుకుని దిగుతారు, దానికి ట్రైనింగ్ ఉంటుంది.

మీరు చేయాల్సింది ఇది. గట్టిగా కేకెయ్యండి, ఒకరు 101కి ఫైర్ వాళ్ళకి, ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యండి, ఏ నంబరూ గుర్తు రాకపోతే 112 చాలు. ఫోన్‌లో "మనిషి పడిపోయాడు" అని ఆపెయ్యకుండా "సెప్టిక్ ట్యాంకులో, గ్యాస్ పట్టి పడిపోయాడు" అని చెప్పండి, అప్పుడే గాలి సిలిండర్ల సెట్ తెస్తారు. అడ్రస్‌లో గుడి, బడి, సర్కిల్ ఏదో ఒక గుర్తు చెప్పి, ఒక కుర్రాణ్ణి వీధి చివర నిలబెట్టండి, మన సందుల్లో బండి రెండుసార్లు తప్పిపోతే పది నిమిషాలు పోతాయి. ఈలోపల లోపలివాడికి స్పృహ ఉంటే తాడు వెయ్యండి, చంకల కింద చుట్టుకోమనండి, పదిమంది కలిసి లాగండి. తాడు వేసేటప్పుడు కూడా నిలబడి వెయ్యండి, కంత మీద వంగబాకండి. బయటినించి గాలి కొట్టే దారి ఏదన్నా ఉంటే, బ్లోయరో కంప్రెసరో, మోటారు ట్యాంకుకి దూరంగా పెట్టి పైపు మాత్రం లోపలికి వదలండి, దగ్గర పెడితే స్విచ్ నిప్పురవ్వకి మీథేన్ అంటుకుంటుంది. నీళ్ళు మాత్రం పొయ్యకండి, మడ్డి కలబడి ఇంకా లేస్తుంది.

ఇంకో మాట, గుంపు. పదిమంది కంత చుట్టూ మూగి ఫోన్లలో వీడియోలు తీస్తుంటే లోపలికి పోయే కాస్త గాలీ పోదు, వాళ్ళలోనే ఒకరు కళ్ళు తిరిగి లోపల పడతారు. వీధిలో కాస్త గొంతున్న పెద్దమనిషికి ఆ పని అప్పజెప్పండి, అందర్నీ వెనక్కి తోలమని.

బయటికి తీసినాక

గాలి వచ్చే చోటికి దూరంగా మోసుకెళ్ళండి, ట్యాంకు పక్కనే పడుకోబెట్టకండి. మడ్డి అంటిన బట్టలు ఊడదీసెయ్యండి, వాటిలోంచి కూడా గ్యాస్ వస్తుంటుంది. నోట్లో మడ్డి ఉంటే వేలికి గుడ్డ చుట్టి తీసెయ్యండి. ఊపిరి తీస్తుంటే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వాంతి అయినా గొంతులో అడ్డం పడకుండా. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు, సోడా, నిమ్మరసం ఏదీ పొయ్యకండి, ఉల్లిపాయ వాసన చూపించడం, అరికాళ్ళు రుద్దడంలాంటి వాటితో టైం పోగొట్టుకోకండి.

ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా, 5 సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నించి 120 సార్లు నొక్కుతూనే ఉండండి, 108 వచ్చేదాకా ఆపకండి, అలిసిపోతే ఇంకొకరు అందుకోండి. నోటితో నోట్లోకి ఊదే పద్ధతి ఈ కేసులో వద్దు, అతని ఊపిరిలో గ్యాస్ ఉండొచ్చు, మూతి నిండా మడ్డి ఉంటుంది. నొక్కడం చాలు. కళ్ళు మండుతున్న వాళ్ళకి మామూలు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగండి, నిమ్మకాయో రోజ్‌వాటరో వద్దు.

ఆసుపత్రి రుయా అయినా స్విమ్స్ అయినా చిత్తూరు పెద్దాసుపత్రి అయినా, ముందు చెప్పాల్సింది ఎక్కడ పడ్డాడు, ఎంతసేపు ఉన్నాడు, ఎంతసేపు స్పృహ లేదు, ఈ మూడు. "కళ్ళు తిరిగి పడ్డాడు" అంటే గుండెపోటో, బీపీయో అని వెతుక్కుంటూ పోతారు. కేసవుతుందని భయపడి ట్యాంకు మాట దాచేవాళ్ళున్నారు, అది లోపల పడ్డవాడి ప్రాణం మీదకి తెస్తుంది. దీనికి ఇది వేస్తే తగ్గిపోతుంది అనే ఖాయమైన విరుగుడు మందు లేదు, హై ఆక్సిజన్ ఇవ్వడం, అవసరమైతే వెంటిలేటర్, ఒళ్ళు తనంతట తాను ఆ గ్యాస్‌ని బయటికి తోసేదాకా నిలబెట్టడం, వైద్యం ప్రధానంగా ఇదే. అందుకే నిమిషాలు ముఖ్యం.

బాగైపోయి లేచి కూర్చుని "ఇంటికి పోతా అన్నా" అంటాడు, పంపించకండి. ఊపిరితిత్తుల్లో వాపొచ్చి నీరు చేరడం కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి రెండు మూడు రోజులకి కూడా మొదలవుతుంది. దగ్గు, ఆయాసం, ఛాతీ బరువు, మడ్డి గొంతులోకి పోయి ఉంటే జ్వరం, ఇవి వస్తే మళ్ళీ ఆసుపత్రికి తీసుకుపోవాలి. చాలాసేపు స్పృహ లేకుండా ఉన్నవాళ్ళకి తర్వాత నెలల తరబడి తలనొప్పి, మతిమరుపు, చిరాకు, నిద్రపట్టకపోవడం ఉండొచ్చు, కొందరికి వాసన తెలియడం సరిగా తిరిగి రాదు. పనికి రాకుండా సోమరిపోతైపోయినాడు అని ఇంట్లోవాళ్ళు తిడుతుంటారు, వాడి తప్పు కాదు అది.

పని అయినాక మన ఇంటి దగ్గర

ట్యాంకు ఖాళీ అయింది కదా, అడుగున గోడ పగిలిందేమో చూద్దాం అని దిగకండి, ఖాళీ ట్యాంకు గోడలకీ అడుగుకీ అంటుకున్న మడ్డి చాలు మనిషిని పడెయ్యడానికి. మూత సరిగ్గా కూర్చుందా, పక్కన సందులుంటే సిమెంటు పూయించారా చూసుకోండి. గాలి గొట్టం ఉంటుంది కదా, ట్యాంకు మీదనించి మిద్దె పైదాకా పోయేది, దాని తలకి దోమల జాలీ కట్టుండాలి, కానీ మూసుకుపోయి ఉండకూడదు, మాది పక్షి గూడు పెట్టి మూసేసింది, బాత్రూముల్లో గబ్బు రావడానికి సగం కారణం అదేనంట. వాడకుండా వదిలేసిన బాత్రూం ఉంటే వారానికొకసారి ఒక చెంబు నీళ్ళు నేల మీది జాలీలో పొయ్యండి, దాని కింద పైపు వంపులో నీళ్ళు ఎండిపోతే ట్యాంకు గాలి నేరుగా ఇంట్లోకి వస్తుంది.

రెండు మూడేళ్ళకొకసారి లాగించాలి, వెనక్కి తన్నేదాకా ఆగితే పండగ రోజునో, చుట్టాలొచ్చిన రోజునో తంతుంది, ఆ తొందరలోనే ఎవరో ఒకరిని దింపేస్తాం. నేను ట్యాంకు మూత మీద తెల్ల పెయింటుతో "2023 నవంబర్, ఎవరూ తల పెట్టరాదు" అని రాసినా. పైన పోర్షన్ పిల్లోడు చదివి నవ్వినాడు. పెయింటు అప్పుడే పెచ్చులూడుతోంది, ఈసారి బండి వచ్చినప్పుడు తేదీ మార్చి మళ్ళీ రాయాల.